కొత్త ఆక్సిజన్ సెన్సర్ వేశాక కూడా చెక్ ఇంజిన్ లైటు ఎందుకు వెలుగుతోంది?

ప్రశ్న: నాది తొమ్మిదేళ్ల చిన్న పెట్రోల్ కారు, 84 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల క్రితం చెక్ ఇంజిన్ లైటు వెలిగితే మెకానిక్ ముందున్న ఆక్సిజన్ సెన్సర్ మార్చాడు. మూడు వారాలు బాగానే ఉంది, మళ్లీ అదే లైటు. ఈసారి "వెనకది కూడా పోయినట్టుంది, రెండూ మార్చేద్దాం" అంటున్నాడు. ఫోన్‌కి కలిసే చిన్న స్కానర్ ఒకటి కొని నేనే పెట్టి చూస్తే పి0131, పి0171 అని రెండు కోడ్‌లు వచ్చాయి. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అన్నచోట ప్లస్ 19 చూపిస్తోంది. మైలేజీ బాగా పడిపోయింది. ఇంకో మాట, పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ దగ్గర టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది, ఐదారు నిమిషాలకు దానంతట అదే తగ్గిపోతుంది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు. రెండు సెన్సర్లూ మార్పించమంటారా?

జవాబు: వద్దండి, ఇంకా ఏదీ మార్పించకండి. మీరు చివర్లో, పోనీలే అదీ చెబుదాం అన్నట్టు రాసిన ఆ టిక్ టిక్ చప్పుడే మీ ఉత్తరం మొత్తంలో నన్ను పట్టుకుంది. నా అనుమానం సెన్సర్ మీద కాదు. ఇంజిన్‌కీ ఆ సెన్సర్‌కీ మధ్య ఎక్కడో పొగ గొట్టం లీకవుతోందని. కారు చూడకుండా అనుమానం అనే అంటాను, కానీ ఆ అనుమానం నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు.

ముందు కోడ్‌ల సంగతి చూద్దాం. పి0131 అనగానే చాలామంది "ఆక్సిజన్ సెన్సర్ పోయింది" అని చదివేస్తారు. కోడ్ ఆ మాట అనడం లేదు. ముందు సెన్సర్ (పొగ గొట్టంలో ఇంజిన్‌కి దగ్గరగా ఉండేది) నుంచి వచ్చే వోల్టేజీ ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉంటోంది అంటోంది, అంతే. ఇక పి0171 అంటే, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం లీన్‌గా, అంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనట్టు కనిపిస్తోంది, పెట్రోలు పెంచుకుంటూ పోయినా దారికి రావడం లేదు అని. రెండూ కలిపి చదవండి. సెన్సర్‌కి పొగలో ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తోంది, కనిపించిందే చెబుతోంది. అక్కడ ఆక్సిజన్ నిజంగానే ఎక్కువగా ఉంటే సెన్సర్ తప్పేముంది? కొత్త సెన్సర్ కూడా పాతది చెప్పిన మాటే చెప్పిందంటే నేనైతే పాతదాన్ని కూడా నమ్మేవాణ్ణి.

"మరి మూడు వారాలు బాగుంది కదా" అంటారేమో. సెన్సర్ మార్చినప్పుడు కోడ్‌లు కూడా తుడిచేసి ఉంటారు. అలా తుడిచినప్పుడు ఇంజిన్ కంప్యూటర్ అప్పటిదాకా నేర్చుకున్న ట్రిమ్ (పెట్రోలు ఎంత పెంచాలో తగ్గించాలో చెప్పే సర్దుబాటు లెక్క) కూడా సాధారణంగా సున్నాకి వస్తుంది. అది మళ్లీ పెరుగుతూ హద్దు దాటాలి, ఆ తప్పు ఒక్కసారి కాక వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపించాలి, అప్పుడు గానీ ఈ రకం కోడ్‌లకు లైటు వెలగదు. లీకు మొదట్లో చిన్నదైతే ఇంకా ఆలస్యం. కాబట్టి ఆ మూడు వారాలు రిపేరు పనిచేసిందనడానికి సాక్ష్యం కాదు.

సెన్సర్ లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే మిగతాదంతా సులువు. అందులో జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థంతో చేసిన చిన్న మూత ఉంటుంది, దానికి లోపలా బయటా ప్లాటినం పూత. ఒక వైపు ఇంజిన్ పొగ తగులుతుంది, రెండో వైపు మామూలు గాలి. రెండు వైపులా ఆక్సిజన్‌లో ఎంత తేడా ఉంటే అంత వోల్టేజీ పుడుతుంది. పొగలో ఆక్సిజన్ దాదాపు లేకపోతే, అంటే మిశ్రమం రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా) ఉంటే, 0.8 నుంచి 0.9 వోల్టులు. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే, అంటే లీన్ అయితే, 0.1 దగ్గరికి పడిపోతుంది. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి (బరువు లెక్కన) సరిగ్గా సరిపోతుంది, ఆ చోట ఇది 0.45 దగ్గర ఒక్కసారిగా ఇటు నుంచి అటు దూకుతుంది. ఇదంతా సెన్సర్ 300 డిగ్రీలకు పైగా వేడెక్కితేనే. అందుకే ఇప్పటి సెన్సర్లలో లోపలే ఒక హీటర్ పెడతారు. 1976లో బాష్ సెన్సర్‌తో మొదటిసారి వోల్వో కార్లు వచ్చినప్పటి నుంచీ ఈ సూత్రం మారలేదు. కొన్ని కొత్త కార్లలో ముందువైపు వైడ్‌బ్యాండ్ రకం వస్తోంది, దాని అంకెలు వేరుగా ఉంటాయి. మీకు పి0131 వచ్చింది, తొమ్మిదేళ్ల చిన్న కారు కాబట్టి మామూలు రకమే అనుకుని రాస్తున్నాను. స్కానర్‌లో 0 నుంచి 1 వోల్టు మధ్య ఆడుతుంటే అదే.

ఇప్పుడు మీ ప్లస్ 19. కంప్యూటర్ తన లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలు కన్నా 19 శాతం ఎక్కువ పోస్తోందని అర్థం. అటూ ఇటూ ఐదారు శాతం ఉంటే ఎవరూ పట్టించుకోరు, పది దాటితే కారణం వెతకాలి. పంతొమ్మిది అంటే ఎక్కువే.

ఇక టిక్ టిక్. ఇంజిన్ హెడ్‌కి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగనంతా ఒకే గొట్టంలోకి చేర్చే భాగం) అతికే చోట ప్యాకింగ్ కాలిపోయినా, దాన్ని బిగించే ఒక స్టడ్ విరిగినా, మానిఫోల్డ్‌లోనే సన్న పగులు వచ్చినా, చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ తన్నుకుంటూ బయటికొస్తుంది. ఒక్కో సిలిండరు ఊదినప్పుడల్లా ఒక్కో టిక్. ఇనుము వేడెక్కి వ్యాకోచిస్తే సందు మూసుకుంటుంది, చప్పుడు తగ్గుతుంది. చప్పుడు తగ్గినంత మాత్రాన లీకు పూర్తిగా పోయిందని కాదు.

లీకైతే పొగ బయటికి పోవాలి గానీ గాలి లోపలికెలా వస్తుందని అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. పొగ ఒకే ధారగా రాదు, తెరలు తెరలుగా వస్తుంది. ఒక తెరకీ మరో తెరకీ మధ్య గొట్టంలో ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గే క్షణాలుంటాయి. ఆ క్షణంలో సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ముఖ్యంగా ఐడిలింగ్‌లో, అంటే కారు నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, ఇది ఎక్కువ. ఆ గాలి సిలిండర్లోకి పోదు, నేరుగా సెన్సర్ మీదికి పోతుంది. సెన్సర్ ఆక్సిజన్ చూసి లీన్ అంటుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు పెంచుతుంది. సిలిండర్లో గాలి సరిపడానే ఉంది, కాబట్టి ఈ పెంచినదంతా దండగ.

మీ మైలేజీ ఎందుకు పడిపోయిందో ఇక్కడే తెలుస్తుంది. కోడేమో లీన్ అంటోంది, ఇంజిన్ లోపలేమో రిచ్‌గా మండుతోంది. నిజంగా లీన్ అయిన ఇంజిన్‌కి పెట్రోలు పెంచితే లెక్క సరిపోయి ఊరుకుంటుంది, మైలేజీ ఇంతగా పడిపోదు. ఒక స్పార్క్ ప్లగ్ విప్పించి చూడండి. కొస మీద పొడి మసి నల్లగా పట్టి ఉంటే నేను చెప్పిన కథ చాలావరకు నిజమైనట్టే. లేత గోధుమ రంగులో శుభ్రంగా ఉంటే నా మాట పక్కన పెట్టి వేరే దారి చూడాలి, అది కింద రాస్తాను.

లీకు పట్టుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. రాత్రంతా ఆపి ఉంచిన కారు, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చేయాలి. గాలి ఊదే సౌకర్యం ఉన్న వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని సైలెన్సర్ చివర పెట్టి, చుట్టూ తడిగుడ్డ కుక్కి, గాలి ఊదండి. ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. ఇంకొకరు స్ప్రే సీసాలో సబ్బు నీళ్లు తీసుకుని మానిఫోల్డ్ హెడ్‌కి అతికే చోట, గొట్టాల అతుకుల దగ్గర, ఆక్సిజన్ సెన్సర్ మరలు బిగించిన చోట చల్లుతూ పోవాలి. లీకున్న చోట బుడగలు పొంగుతాయి. మానిఫోల్డ్ మీద రేకు కవచం ఉంటే అది విప్పాలి, పగుళ్లు ఎక్కువగా దాని కిందే దాక్కుంటాయి. అతుకు దగ్గర నల్లటి మసి చారలు కనిపిస్తే బుడగల దాకా కూడా పోనక్కర్లేదు. సెన్సర్ మరల దగ్గర ప్రత్యేకంగా చూడమంటున్నాను, ఎందుకంటే అది ఈమధ్యే విప్పి బిగించిన చోటు. వాషరు పడకపోయినా, సరిగా బిగించకపోయినా అక్కడే లీకవుతుంది. ఆ చప్పుడు సెన్సర్ మార్చకముందు నుంచీ ఉందా, మార్చాక మొదలైందా? గుర్తు తెచ్చుకోండి, సగం దారి అక్కడే తేలిపోవచ్చు.

స్టార్ట్ చేసిన కారు కింద దూరి చెయ్యి పెట్టి వెతికే పని మాత్రం పెట్టుకోకండి. మానిఫోల్డ్ వేడికి చర్మం ఊడుతుంది. మూసిన గ్యారేజీలో అయితే ఆ పొగ ప్రాణం మీదికి తెస్తుంది.

లీకు దొరకలేదనుకోండి. అప్పుడు సెన్సర్‌నే పరీక్షిద్దాం, మార్చి చూడటం కాదు. కారు ఒక పదిహేను నిమిషాలు నడిపి ఇంజిన్ బాగా వేడెక్కాక, స్కానర్‌లో బ్యాంక్ 1 సెన్సర్ 1 (అంటే ముందు సెన్సర్) వోల్టేజీ ఒక్కటే పెట్టుకోండి. మిగతా అంకెలన్నీ తీసేయండి, ఈ బ్లూటూత్ స్కానర్లు ఒకేసారి పది అంకెలు అడిగితే ఒక్కోటీ నత్తనడక నడుస్తుంది, బాగున్న సెన్సర్ కూడా మొద్దుబారినట్టు కనిపిస్తుంది. ఆ గ్రాఫు చూసి సెన్సర్ మార్చేసిన వాళ్లను చూశాను. 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ నిలిపి ఉంచితే వోల్టేజీ కిందికీ పైకీ ఆగకుండా ఊగాలి. తర్వాత ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కి వదలండి. తొక్కినప్పుడు 0.8 దాటాలి, వదలగానే కంప్యూటర్ పెట్రోలు ఆపుతుంది కాబట్టి 0.1 దాకా పడిపోవాలి. రెండూ చకచకా జరిగితే ఆ సెన్సర్ బతికే ఉంది. ఎంత తొక్కినా కిందే పడి ఉంటే మాత్రం సెన్సరో, వైరో అనుమానించాల్సిందే.

ఆ రెండిటిలో ఏదో తేల్చడం తేలిక. ఇంజిన్ చల్లారాక సెన్సర్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీసి, కీ ఆన్ చేసి స్కానర్ చూడండి. చాలా కార్లలో కంప్యూటర్ తనంతట తాను 0.45 దగ్గర ఒక వోల్టేజీ ఉంచుతుంది. సెన్సర్ ఊడదీయగానే అంకె అక్కడికి లేస్తే వైరింగ్ బాగుంది. ఊడదీసినా సున్నా దగ్గరే ఉంటే వైరు ఎక్కడో బాడీకి తగిలి ఎర్త్ అవుతోంది. మానిఫోల్డ్‌కి ఆని కరిగిన వైర్లు, ఎలుకలు కొరికిన వైర్లు ఇలాగే బయటపడతాయి. ఊడదీయడం వల్ల ఇంకో కోడ్ పడవచ్చు, కంగారు పడకండి, తర్వాత తుడిచేయవచ్చు.

నేనూ ఒకసారి తెలివి తక్కువ పని చేశాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. నా పాత కారుకి పి0135 వచ్చింది, అంటే ముందు సెన్సర్ హీటర్ సర్క్యూట్. హీటర్ కదా, సెన్సర్ లోపలే కదా ఉండేది అని కొత్తది తెచ్చి, పట్టేసిన పాతదాన్ని సగం రోజు కుస్తీ పట్టి విప్పి బిగించాను. లైటు అలాగే ఉంది. తీరా చూస్తే హీటర్‌కి కరెంటు ఇచ్చే ఫ్యూజు పోయింది. రెండు నిమిషాల పని. మీ కోడ్ అది కాదు కాబట్టి ఇది మీకు నేరుగా పనికిరాదు. కానీ అప్పటి నుంచీ "సర్క్యూట్" అన్న మాట కోడ్‌లో కనిపిస్తే ముందు ఫ్యూజు, కప్లర్, వైరు చూసి ఆ తర్వాతే సెన్సర్ దగ్గరికి పోతున్నాను.

వెనక సెన్సర్ సంగతి మీ మెకానిక్‌ని ఒక్కటే అడగండి: "దేన్నిబట్టి పోయిందంటున్నారు?" ఆయన మోసం చేస్తున్నాడని నేననను, లైటు మళ్లీ వచ్చిందన్న చిరాకులో చాలామంది అలాగే అంటారు. కానీ వెనక సెన్సర్ కోడ్‌లు పి0136 నుంచి పి0141 దాకా ఉంటాయి, మీకు అందులో ఒక్కటీ రాలేదు. వెనకది క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విష వాయువులను తగ్గించే డబ్బా) తర్వాత ఉంటుంది, దాని ముఖ్యమైన పని కన్వర్టర్ పనితీరు కనిపెట్టడం. అది ముందుదానిలా ఊగకూడదు, 0.6, 0.7 దగ్గర నెమ్మదిగా ఉండాలి. అది ఊగడం లేదు కాబట్టి పోయింది అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఊగకపోవడమే దాని ఆరోగ్యం. వెనకది పాడైనంత మాత్రాన ముందుదాని వోల్టేజీ పడిపోయి పి0131 రాదు.

ప్లగ్ శుభ్రంగా ఉండి, లీకు లేక, సెన్సరూ బాగుంటే, అప్పుడు ఇంజిన్ నిజంగానే లీన్‌గా నడుస్తున్నట్టు. ట్రిమ్‌ని రెండు చోట్ల చూడండి, ఐడిలింగ్‌లో ఒకసారి, 2,500 దగ్గర ఒకసారి. ఐడిలింగ్‌లో ఎక్కువై వేగంలో తగ్గితే ఇన్‌టేక్ వైపు, అంటే ఇంజిన్‌లోకి గాలి వచ్చే దారిలో, ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతోంది, ఎండి పగిలిన రబ్బరు గొట్టాలు చూడాలి. వేగం పెరిగే కొద్దీ, లోడు పడే కొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోలు చాలడం లేదు, ఫ్యూయల్ పంపు ప్రెషర్ కొలిపించాలి, ఫిల్టర్ చూపించాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా చిన్న కార్లలో గాలిని నేరుగా కొలిచే మీటరు ఉండదు, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని (పొగ వైపుది కాదు) ప్రెషర్ చూసి లెక్క కడతాయి. వాటిలో ఇన్‌టేక్ లీకుంటే ట్రిమ్ అంతగా పెరగదు, ఐడిలింగ్ ఆర్‌పీఎం ఎక్కువ అవుతుంది. మీ కారు ఆ రకమై, ఐడిలింగ్ మామూలుగానే ఉంటే ఈ దారి మీద ఎక్కువ సమయం పెట్టకండి. సిలిండరు మిస్సింగ్ కొట్టినా మండని ఆక్సిజన్ బయటికొచ్చి లీన్ అనిపిస్తుంది, అయితే దానికి వేరే కోడ్‌లు, పి0300తో మొదలయ్యేవి, సాధారణంగా తోడుగా వస్తాయి.

రెండు నెలల క్రితం వేసిన సెన్సర్ ఎలా వేశారో కూడా కనుక్కోండి. కారుకు సరిపడే కప్లర్‌తో వచ్చిందా, లేక వైర్లు కోసి అతికించారా? చాలా సెన్సర్లు లోపలికి కావాల్సిన బయటి గాలిని వైర్ల పోగుల సందుల్లోంచే తీసుకుంటాయి, వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజం. అతుకుల దగ్గర సోల్డర్ పెట్టినా, కప్లర్‌లో గ్రీజు నింపినా ఆ దారి మూసుకుపోతుంది, సెన్సర్ తప్పుడు అంకెలు చెబుతుంది. అలాగే మరలకు రాసే పేస్టు కొసకు అంటితే సెన్సర్ చెడుతుంది, చాలా కొత్తవి పేస్టు పూసే వస్తాయి. మానిఫోల్డ్ ప్యాకింగ్ మార్చేటప్పుడు మామూలు సిలికాన్ సీలెంట్ వాడనివ్వకండి. దాని ఆవిరి సెన్సర్ మీద తెల్లటి పొరగా పేరుకుని కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. సెన్సర్లకు హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్న రకమే వాడమనండి.

లీకు దొరికితే ప్యాకింగ్ మార్చడం మీరు చేసే పని కాదు. పాత స్టడ్‌లు తుప్పు పట్టి విప్పేటప్పుడు విరుగుతాయి, వాటిని హెడ్‌లోంచి తీయడానికి చెయ్యి తిరిగినవాడు కావాలి. మీ మెకానిక్‌కి కోడ్‌ల సంగతి చెప్పి వాదించే బదులు బుడగలు పొంగుతున్న చోట వీడియో తీసి చూపించండి, మాట తక్కువ పని ఎక్కువ అవుతుంది.

అప్పటిదాకా కారు నడపవచ్చా అంటే, లైటు నిలకడగా వెలుగుతున్నంత వరకు రోజువారీ తిరుగుడుకి ఇబ్బంది లేదు. అలాగని నెలల తరబడి వదిలేయకండి, దండగగా పోయే పెట్రోలు కన్వర్టర్‌లో మండి దాన్ని వేడెక్కించి పాడుచేస్తుంది, అది సెన్సర్ కన్నా చాలా పెద్ద ఖర్చు. కారులోపల పొగ వాసన వస్తే మాత్రం నడపకండి. లైటు టపటపా కొట్టుకోవడం మొదలైతే పక్కకు తీసి ఆపేయండి, అది తీవ్రమైన మిస్సింగ్‌కి గుర్తు.

పని అయ్యాక కోడ్‌లు తుడిపించి, ఒక వారం మామూలుగా తిప్పండి. ఊరికే తుడుస్తూ ఉండకండి, తుడిచిన ప్రతిసారీ కంప్యూటర్ తన స్వయం పరీక్షలన్నీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. కాలుష్య పరీక్షకు వెళ్లాల్సి ఉంటే ముందురోజు అసలే తుడవకండి. వారం తర్వాత లాంగ్ టర్మ్ ట్రిమ్ ఐదు, ఆరు దగ్గరికి దిగి అక్కడే నిలబడిందా చూడండి. పొద్దున్న టిక్ టిక్ ఆగిందో లేదో వినడానికి స్కానర్ కూడా అక్కర్లేదు, బానెట్ ఎత్తి ఒక్క నిమిషం నిలబడితే చాలు.